వేడివేడి రొయ్యల గ్రాటాన్

కిందటేడు కనుమనాడు యానాంలో మా ఇంట బంధువులంతా చేరారు. 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న ఊరు కదా, భోజనానికి ముందు వారి పద్ధతిలో రొయ్యలూ చీజూ కలిపి 'గ్రాటాన్' చేసి మెప్పిద్దామనుకున్నాను. పెద్దత్తయ్యగారు ఒక రొయ్య నోట వేసుకుని, "ఉడికిందమ్మాయ్, మరీ ఉడికి అలిగి బిగుసుకుంది" అన్నారు. అందరూ నవ్వారు. గిన్నె మాత్రం నిండుగానే వంటింట్లోకి తిరిగొచ్చింది.

తప్పు నా చేతి అలవాటుది. ఇగురు పెట్టే చెయ్యి రొయ్యల్ని నీరింకేదాకా మగ్గనిస్తుంది. ఇక్కడ అది పనికిరాదు. వేడి మించితే రొయ్యలోని తేమ పోయి రబ్బరవుతుంది. చీజు మరిగితే నూనె తేలి పలుకులు కడుతుంది.

ఎనిమిది మందికి ఒలిచిన రొయ్యలు అరకిలో, వెన్న నాలుగు పెద్ద చెంచాలు, మైదా మూడు పెద్ద చెంచాలు, పాలు 400 మిల్లీలీటర్లు, తురిమిన చీజు 100 గ్రాములు, మిరియాలపొడి, గుప్పెడు రస్కుపొడి కావాలి.

రొయ్యల నల్లనరం తీసి కడిగి, తడి ఆర్చండి. చెంచా వెన్నలో రెండు మూడు నిమిషాలు వేయించండి. లోపలిదాకా తెల్లబడగానే దించాలి. మిగతా వెన్నలో మైదాను పచ్చివాసన పోయేలా వేయించి, పాలు కొద్దికొద్దిగా పోస్తూ ఉండకట్టకుండా కలపండి. చిక్కబడ్డాక పొయ్యి ఆర్పి, అప్పుడు చీజు వేయండి. చీజులో ఉప్పుంటుంది గనుక రుచి చూసి ఉప్పు వేసుకోవాలి. మిరియాలపొడి, రొయ్యలు కలిపి, విడిగా వెన్నలో ఎర్రగా వేయించిన రస్కుపొడి పైన చల్లితే ఓవెన్ లేని లోటు తెలియదు. కాల్చిన రొట్టెముక్కలతో వెంటనే వడ్డించండి. రెండు గంటలకు మించి బయట ఉంచకండి.

గ్రాటాన్ అన్న పేరు ఫ్రెంచిలో గోకడమనే మాటనుంచి వచ్చింది. గిన్నెకంటిన ఎర్రపొరకే ఆ పేరు. పాలగిన్నె గోకుకోసం పోట్లాడుకున్న మనకది కొత్తేమీ కాదు!

ఒక్క మాట. రొయ్యలు పడనివారు ఎవరైనా ఉన్నారేమో ముందే అడగండి. వారికి బంగాళాదుంపతో వేరే గిన్నెలో చేసి, గరిటె కూడా వేరుగా పెట్టండి.

ఈ కనుమకు మళ్ళీ చేశాను. పెద్దత్తయ్యగారు ఏమీ అనలేదు. రొట్టెముక్కతో గిన్నె అంచు గోకుతూ కూర్చున్నారు.