బొమ్మలారీకి చేతితో చేర్చు భాగములు

మన పిల్లలలో పలువురకు లారీలన్న మిక్కిలి యిష్టము. ఇందు వింత యేమియు లేదు. చెన్నై రేవునుండి పెద్ద పెద్ద ఇనుప పెట్టెలను మోసికొనిపోవు ట్రైలరు లారీలను చూచుచునే వారు పెరుగుచున్నారు. ఆ రేవులో కంటైనర్లకు ప్రత్యేకమైన టెర్మినలు 1983లో ఏర్పడినది. అంతకు చాల ముందే, నగరమునకు ఉత్తరమున ఎన్నూరులో లారీల కర్మాగారము వెలసినది. 1948లో అశోక్ మోటార్స్ అను పేర స్థాపితమైన ఆ సంస్థ 1955లో అశోక్ లేలాండ్ అయ్యెను. కావున లారీ మన నగరమునకు ఇంటిబిడ్డ వంటిది. బజారులో లారీ నమూనా కిట్టు కనబడగనే కొనిపెట్టుమని పిల్లవాడు మారాము చేయుట సహజమే. కొనియిచ్చిన పిమ్మట ఏమి చేయించవలెనో, అసలు కొనకయే ఏమి చేయించవచ్చునో తలిదండ్రులకు నాలుగు మాటలలో విన్నవింపనెంచి ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

నమూనా కిట్టు అనగా, నిజమైన బండిని నిర్ణీతమైన పాళ్లలో తగ్గించి చేసిన ప్లాస్టిక్ భాగముల పెట్టె. భాగములు ఒక చట్రమునకు అంటియుండును. వానిని కోసి, అంచులు సరిచేసి, జిగురుతో అతికి, రంగు వేయవలెను. అమెరికాకు చెందిన ఏ.ఎం.టి., ఇటలీకి చెందిన ఇటలెరి మున్నగు సంస్థల లారీ కిట్లు సామాన్యముగా 24వ వంతుగనో, 25వ వంతుగనో ఉండును. వానిలో పెక్కు అమెరికా, ఐరోపా లారీల రూపములే.

ఎంత మంచి కిట్టయినను అందులో కొన్ని లోపములు తప్పవు. అది చేసినవారి అశ్రద్ధ కాదు. చేయు విధానమే అట్టిది. కరగిన ప్లాస్టిక్కును ఉక్కు అచ్చులోనికి మిక్కిలి ఒత్తిడితో పంపుదురు. అది గట్టిపడిన పిదప అచ్చు రెండుగా విడివడి, భాగము వెలికి రావలెను. వెండ్రుకవలె సన్నని తీగను ఈ రీతిని పోయుట దుస్తరము, పోసినను విరిగిపోవును. అందుచేత తలుపు పిడి విడిగా ఉండక, తలుపుమీద చిన్న గుబ్బవలె ఉబ్బియుండును. గాలిగొట్టములు, విద్యుత్తు తీగలు పలుమార్లు ఉండనే ఉండవు. ఈ కొరతలను చేతికి దొరకిన సామగ్రితో స్వయముగా తీర్చుకొనుటయే మేము చెప్పబోవు విద్య.

ఇది మనకు పరాయి విద్య కాదు. కొండపల్లి బొమ్మను ఎరుగని తెలుగువారుండరు. అచ్చటి పనివారు తెల్లపొణికి కఱ్ఱతో మొండెమును చెక్కుదురు. చేతులు మొదలగు అవయవములను వేఱుగా చేసి, చింతగింజల పిండిని రంపపుపొట్టుతో కలిపి చేసిన మక్కుతో అతికి, ఆ మక్కుతోనే వానిని తీర్చిదిద్దుదురు. ఆ మీదట సుద్దపూత, పిమ్మట రంగులు. పెద్ద రూపము మొదట, చిన్న భాగములు తరువాత, రంగు చివర అను క్రమము లారీ నమూనాకును సరిగా వర్తించును.

అయితే చిన్న భాగములను చేర్చుటలో ఒక పొరపాటు కలదు. ఆ పొరపాటు మేమును చేసితిమి. ఒక సంవత్సరము మా చేతిపనుల తరగతిలో ఒక బాలుడు తన బొమ్మలారీకి లెక్కలేనన్ని తీగలు, గొట్టములు, గొలుసులు తగిలించెను. చూచుటకు బహు ముచ్చటగా నుండెను. మేమందరము మెచ్చుకొంటిమి. ప్రదర్శననాడు ఆ బాలుని తండ్రి వచ్చెను. ఆయన లారీ డ్రైవరు. బడికి వచ్చుటకు సంకోచించి, గుమ్మమువద్దనే నిలిచియుండెను. మేము లోనికి పిలువగా వచ్చి, కుమారుని లారీని చాలసేపు తిప్పి తిప్పి చూచి, మెల్లగా అడిగెను: "ఈ గొట్టం ఎక్కణ్ణుంచి వస్తోంది నాయనా? ఎక్కడికి పోతోంది?"

బాలుడు చెప్పలేకపోయెను. మేమును చెప్పలేకపోతిమి.

అంతట ఆయనయే బల్లచెంత కూర్చుండి విడమరచి చెప్పెను. ముందుబండికిని వెనుక ట్రైలరుకును నడుమ రెండు గాలిగొట్టములు, ఒక విద్యుత్తు తీగ ప్రధానములట. మొదటి గొట్టము ట్రైలరు క్రిందనున్న గాలితొట్టిని ఎల్లప్పుడు నింపుచుండును. రెండవది డ్రైవరు బ్రేకు త్రొక్కినపుడు ఆ సంగతిని వెనుక చక్రములకు అందజేయును. మొదటి గొట్టము దారిలో తెగిపోయినచో ట్రైలరు బ్రేకులు తమంతట తామే పట్టుకొనునట్లు అమరిక యుండును. విద్యుత్తు తీగ వెనుక దీపములకు. బండి మలుపు తిరుగునపుడు ట్రైలరు ఒక వైపునకు ఒరసికొనివచ్చును గనుక ఈ మూడును బిగువుగా నుండరాదు. చుట్టలుగా, వదులుగా ఉండవలెను. ఇన్ని సంగతులు ఆయన పది నిమిషములలో చెప్పెను. ఆ దినమున మా తరగతికి ఆయనయే ఉపాధ్యాయుడు.

నాటినుండి మేము ఒక నియమము పెట్టుకొంటిమి. పిల్లవాడు నమూనాకు ఏ భాగమును చేర్చినను, అది ఎచ్చటినుండి వచ్చుచున్నదో, ఎచ్చటికి పోవుచున్నదో, ఏ పని చేయునో చెప్పగలిగి యుండవలెను. చెప్పలేని భాగమును తీసివేయవలెను. అలంకారమునకును వివరమునకును గల భేదమిదియే.

కావున మొదటి పని చూచుట. ఆయుధ పూజనాడు లారీలను కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, పూలమాలలు వేసి నిలుపుదురు. ఇంజను ఆగియుండును, డ్రైవర్లు తీరికగా నుందురు. పిల్లవానిని చేయిపట్టుకొని తీసికొనిపోయి, అనుమతి అడిగి చూపుటకు అంతకన్న మంచి దినము లేదు. ముందుబండి వెనుక భాగముననున్న వెడల్పైన ఇనుప పళ్లెమును చూపుడు. దానిని 'అయిదవ చక్రము' అందురు. గుఱ్ఱపు బండ్లలో ముందు ఇరుసు తిరుగుటకై అడ్డముగా అమర్చిన చక్రమునుండి ఆ పేరు వచ్చినది. ట్రైలరు అడుగుననున్న లావుపాటి ఉక్కు చీల ఈ పళ్లెము నడుమ ఇమిడి బిగిసికొనును. అంత బరువును లాగునది ఆ యొక్క చీలయే.

రెండవ పని కొలుచుట. ఇచ్చట లెక్క వచ్చును. నలువది అడుగుల కంటైనరు పొడవు 12,192 మిల్లీమీటర్లు. దానిని 24తో భాగించిన సరిగా 508 మిల్లీమీటర్లు. వెడల్పు 2,438, భాగించిన ఇంచుమించు 101.6. లారీ నంబరు పలక 340 మిల్లీమీటర్ల వెడల్పు, 200 ఎత్తు. నమూనాలో అది 14.2 వెడల్పు, 8.3 ఎత్తు అగును. భాగహారమన్న పారిపోవు బాలుడు తన లారీకొరకు కాగితమునిండ లెక్కలు చేయుట మేము కన్నులార చూచితిమి. నమూనా 25వ వంతుదైనచో ఇంకొక సులువు కలదు: నమూనాలో ఒక మిల్లీమీటరు నిజమైన బండిలో ఒక అంగుళమునకు దాదాపు సమానము.

ఈ లెక్క తెలిసినచో సామాన్యముగా జరుగు తప్పు తప్పిపోవును. ఒక మిల్లీమీటరు లావు దారమును గాలిగొట్టమని అతికించినచో, నిజమైన బండిలో అది మన బొటనవ్రేలంత లావు గొట్టమగును. అట్టి గొట్టము లారీకి లేదు. అర మిల్లీమీటరు తీగ చాలును. వివరము ఎంత సన్ననైన నమూనా అంత నిజముగా తోచును.

మూడవ పని చేయుట. సామగ్రికి దూరము పోనక్కఱలేదు. పాత విద్యుత్తు తీగలోని రాగి పోగులు, కుట్టు దారము, చీపురు పుల్లలు, పెండ్లి శుభలేఖల దళసరి కాగితము, మాత్రల పొరలోని అల్యూమినియము రేకు, వ్రాసి పారవేసిన కలపు రీఫిల్లు — ఇవి చాలును. మూడు భాగములు చేయు తీరు చెప్పెదము.

గాలిగొట్టమునకు సన్నని రాగితీగను దబ్బనము చుట్టు దగ్గరదగ్గరగా చుట్టి, మెల్లగా జార్చి తీసి, కొంచెము సాగదీసినచో చుట్టగొట్టము సిద్ధమగును. ముందుబండి వీపునను, ట్రైలరు ముఖమునను చేతి బరమాతో సన్నని రంధ్రములు చేసి కొనలు దూర్చవలెను.

కమాను కట్టకు దళసరి కాగితమును సన్నని పట్టీలుగా కోయవలెను. అన్నిటికన్న పొడవైనది పైన, క్రిందికి పోనుపోను పొట్టివి అమర్చి, జిగురు ఆరకమునుపే ఒక సీసా వంపుమీద ఒత్తి ఉంచవలెను. బరువును ఒక్క పట్టీయే మోయక పట్టీలన్నియు కలిసి పంచుకొనునని చేయుచున్నపుడే పిల్లవానికి బోధపడును.

తలుపు పిడికి, అచ్చులోని గుబ్బను బ్లేడుతో చెక్కివేసి, గరుకు కాగితముతో నునుపు చేసి, వంచిన తీగను రెండు చిన్న రంధ్రములలో నిలుపవలెను. బ్లేడు పని పెద్దలే చేయవలెను. లేదా పెద్దల యెదుటనే జరుగవలెను.

జిగురును గూర్చి ఒక హెచ్చరిక. కిట్టు ప్లాస్టిక్కునకు వాడు జిగురు ఆ ప్లాస్టిక్కునే కొంచెము కరగించి అతుకును. రాగితీగకు అది పనికిరాదు. తీగకు తక్షణము అంటుకొను జిగురు కావలెను. అది వ్రేళ్లను సైతము క్షణములో అతికించును, కంటికి ప్రమాదకరము. ఈ జిగుళ్లను, రంగులను కిటికీలు తెరచియుంచిన గదిలోనే వాడవలెను.

చివరి పని రంగు. పలుచగా రెండు మూడు పూతలు వేయుట మేలు. దట్టముగా పూసిన రంగు చేసిన వివరములనే కప్పివేయును. నంబరు పలక పసుపు, అక్షరములు నలుపు — అద్దెకు తిరుగు బండ్ల గుర్తు అది. ముందు వ్రేలాడు నిమ్మకాయ, మిరపకాయలను మఱవరాదు. అవి ఏ విదేశపు కిట్టులోను దొరకవు. రంగు ఆరిన పిమ్మట బడిలోని సుద్దముక్కలను పొడిచేసి మెత్తని కుంచెతో చక్రములవద్ద అద్దినచో, దూరప్రయాణము చేసివచ్చిన ధూళి తోచును. పొగగొట్టము కొనకు కొంచెము బొగ్గుపొడి చాలును.

కిట్టు కొనలేనివారు చింతింప పనిలేదు. చెప్పుల అట్టపెట్టెతో ట్రైలరు, అట్టతో ముందుబండి, సీసా మూతలతో చక్రములు చేసినను పై నియమములన్నియు చెల్లును. మా యెఱుకలో కొలత తప్పని అట్టలారీ, కొలత తప్పిన ఖరీదైన లారీకన్న మేలైనది.

ఇక తలిదండ్రులకు మా ముఖ్యమైన మనవి. మన పిల్లలకు వీధిలో తమిళము, పుస్తకములలో పెక్కుచోట్ల ఇంగ్లీషు. తెలుగు ఇంటిలో మాటలాడుటకు మాత్రమే మిగిలినచో అది అన్నము, నిద్ర, కోపము అనువానిని చెప్పుటకే పరిమితమగును. చేతిలో పని ఉన్నపుడు భాషకు పని దొరకును. ఇరుసు, చీల, కమాను, బరమా, పట్టీ, అంచు, వంపు, బిగువు, వదులు — ఈ మాటలను పిల్లవాడు పద్యమువలె వల్లించి నేర్వడు. మీ ప్రక్క కూర్చుండి పని చేయుచు నేర్చును. మీలో డ్రైవర్లు కలరు, వడ్రంగులు కలరు, కుట్టుపనివారు కలరు. మాకు చదువు రాదు, బడిలో మేమేమి చెప్పగలమని వెనుదీయకుడు. చూలై అను మాటకు తమిళమున ఇటుకల బట్టీ అని అర్థము. చేతిపనిచేతనే పేరు పొందిన పేటలో మనమున్నాము.

ఆదివారమునాడు ఒక గంటసేపు మీ బిడ్డ ప్రక్కన కూర్చుండుడు. వాడు తగిలించిన ప్రతి గొట్టమును చూపి, ఆ తండ్రి అడిగిన ప్రశ్ననే అడుగుడు. వానికి తెలియనిచో మీరు చెప్పుడు. మీకును తెలియనిచో ఇద్దరును కలిసి లారీ దగ్గరకు పోయి చూచి రండు.