ఆస్పెక్ట్‌ల ద్వారా సాఫ్ట్‌వేర్ ఆరోగ్య పర్యవేక్షణ

వాడుకలో ఉన్న సాఫ్ట్‌వేర్ సోర్స్ కోడును ముట్టుకోకుండా దాని పనితీరును కనిపెట్టే భాగాన్ని జతచేసే పద్ధతులలో ఆస్పెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ ఒకటి. ఇక్కడ ఆరోగ్యమంటే ప్రోగ్రాం అడిగిన పనిని తప్పు లేకుండా, సకాలంలో చేయడం.

చరిత్ర

ఈ విధానాన్ని అమెరికాలోని జిరాక్స్ పార్క్ పరిశోధనాలయంలో గ్రెగర్ కిజాలెస్ బృందం రూపొందించి 1997లో ఒక పరిశోధనా పత్రం ద్వారా వివరించింది. జావా భాషకు అనుబంధమైన ఆస్పెక్ట్‌జె అక్కడే పుట్టింది. దాని 1.0 వెర్షన్ 2001లో విడుదలైంది.

పనిచేసే తీరు

గుండుగొలనులో చేపల చెరువులకు తవుడు, చెక్క అమ్మే ఒక దుకాణపు లెక్కలు జావా ప్రోగ్రాంలో ఉన్నాయనుకుందాం. బిల్లు వేయడం, నిల్వ సరిచూడడం, బాకీ వ్రాయడం వంటి పనులకు వందకు పైగా మెథడ్‌లు ఉంటాయి. ప్రతి మెథడ్‌లోనూ సమయాన్ని కొలిచే వాక్యాలు చేర్చడం శ్రమ, పైగా కొత్త తప్పులకు దారి. దానికి బదులు ఒకే ఆస్పెక్ట్ వ్రాస్తారు. ఏయే మెథడ్‌ల వద్ద జోక్యం చేసుకోవాలో చెప్పే నియమం పాయింట్‌కట్. అక్కడ చేయవలసిన పని అడ్వైస్. ఈ రెంటినీ అసలు ప్రోగ్రాంలో కలపడాన్ని వీవింగ్, అనగా నేత, అంటారు. ప్రోగ్రాం లోడయ్యే సమయంలోనే బైట్‌కోడులో నేయవచ్చును కనుక సోర్స్ కోడు దొరకకపోయినా పని ఆగదు. సేకరించిన అంకెలను 2004లో వచ్చిన జావా 5 నుండి అందులోనే ఉన్న జేఎంఎక్స్ ద్వారా బయటికి చూపవచ్చును.

పరిమితులు

పాయింట్‌కట్ సాధారణంగా పేర్లను బట్టి మెథడ్‌లను గుర్తిస్తుంది. ఎవరైనా ఆ పేరు మారిస్తే అడ్వైస్ అక్కడ అమలు కాదు, ప్రోగ్రామూ ఆగదు. తప్పుల లెక్క సున్నా వద్దే నిలిచి, అంతా సవ్యంగా ఉన్నట్లే కనబడుతుంది. తమ్మిలేరు దారి మళ్ళిన తరువాత పాత గట్టున మిగిలిన కొలబద్ద వరద లేదని చూపినట్లే ఇది. అందుచేత తప్పులనే గాక మొత్తం పిలుపులనూ లెక్కించాలి. పనివేళల్లో ఆ లెక్క పెరగకపోతే అదే హెచ్చరిక.

మెథడ్ ముగిశాక మాత్రమే సమయం నమోదు చేస్తే, మధ్యలో బిగుసుకుపోయిన పని ఎన్నటికీ నమోదు కాదు. ప్రారంభంలోనే గుర్తు వ్రాసుకొని, ముగింపు రానివాటిని వేరే థ్రెడ్ వెదకాలి. ప్రోగ్రామే పూర్తిగా పడిపోతే దానిలో నేసిన ఆస్పెక్టూ దానితోపాటే పోతుంది. ఆ సంగతి బయటి పర్యవేక్షకుడే చెప్పగలడు.

అడ్వైస్‌లో తలెత్తే లోపం అసలు పనినే ఆపగలదు. కాబట్టి కొలిచే భాగంలోని తప్పులను అక్కడికక్కడే పట్టి లాగ్‌లో వ్రాయాలి. బిల్లు మాత్రం ఆగరాదు.