నల్లరేగడి నేలలో ఈతకొలను నిర్మాణం

నల్లరేగడి నేలలో ఈతకొలను నిర్మాణం అనగా తడిసినప్పుడు ఉబ్బి, ఎండినప్పుడు కుంచించుకుపోయే బంకమట్టి నేలలో పగుళ్ళు, ఊటలు లేకుండా నీరు నిలిచే తొట్టిని కట్టే పని. ఆంధ్ర ప్రదేశ్‌లోని రాయలసీమ ప్రాంతంలో, ముఖ్యంగా కర్నూలు, నంద్యాల, కడప ప్రాంతాలలో, ఇంటి పెరడులో చిన్న ఈతకొలను కట్టదలచినవారికి మొదట ఎదురయ్యే చిక్కు ఈ నేలే. ఇదే చిక్కు నీటి సంపులకు, పశువుల తొట్లకు, కాలువ గట్లకు కూడా ఉన్నది.

నేల స్వభావం

కుందూ నది లోయ రాయలసీమలో నల్లరేగడి విస్తారంగా ఉన్న ప్రాంతం. కోయిలకుంట్ల, నంద్యాల, ఆళ్ళగడ్డ, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పరిసరాలు ఈ లోయలోనివే. 2022లో కర్నూలు జిల్లా నుండి నంద్యాల జిల్లా వేరుపడిన తరువాత ఈ లోయలో ఎగువ భాగం నంద్యాల జిల్లాలోకి, దిగువ భాగం కడప జిల్లాలోకి వస్తున్నది. దక్కను పీఠభూమిలో నల్లరేగడి అనగానే మహారాష్ట్ర నల్లశిలలు గుర్తుకు వస్తాయి గాని, ఇక్కడి రేగడి చాలావరకు సున్నపురాయి, పలకరాయి పొరలు శిథిలమై ఏర్పడినది. ఈ పొరలను విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1872లో వెలువడిన గ్రంథంలో కడప, కర్నూలు శిలా వ్యవస్థలుగా వర్ణించాడు.

రేగడిలో మాంట్‌మోరిల్లొనైట్ అనే బంక ఖనిజం అధికంగా ఉంటుంది. దీని కణాలు పలుచని రేకుల దొంతరల వలె ఉంటాయి. రేకుల మధ్యకు నీరు చేరితే అవి ఎడమై మట్టి ఉబ్బుతుంది. ఆవిరైపోతే తిరిగి దగ్గరై నేల నెర్రెలు విచ్చుతుంది. వేసవిలో ఈ నెర్రెలలో చేతికర్ర దిగిపోవడం రైతులందరికీ తెలిసినదే. ఋతువులతో పాటు ఈ కదలిక జరిగే లోతు మన దేశపు రేగళ్ళలో సాధారణంగా 1.5 నుండి 3.5 మీటర్ల వరకు ఉంటుంది. పెరటి ఈతకొలను అడుగు సరిగ్గా ఈ లోతులోనే పడుతుంది.

మట్టి ఎంత ఉబ్బుతుందో తెలుసుకొనుటకు సులభమైన పరీక్ష ఒకటి కలదు. ఎండబెట్టి జల్లించిన మట్టిని 10 గ్రాముల చొప్పున రెండు గాజు గొట్టాలలో వేసి, ఒకదానిలో నీరు, రెండవదానిలో కిరోసిన్ పోసి ఒక రోజు ఉంచుతారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. రెండింటి ఘనపరిమాణాల తేడాను కిరోసిన్‌లోని పరిమాణంతో పోల్చి శాతంలో చెబుతారు. ఇది 50 దాటితే ఆ నేలలో మామూలు పునాది పనికిరాదని భావించవచ్చు.

జిల్లాలలో అన్ని నేలలూ ఇటువంటివి కావు. రాయచోటి, పులివెందుల వైపు ఎర్రనేలలు హెచ్చు. అవి ఉబ్బవు గాని నీటిని నిలపవు. ఇందులో ఒక విచిత్రం ఉన్నది. ఏ లైనింగూ లేని సేద్యపు కుంట తవ్వితే రేగడిలో నీరు నిలుస్తుంది, ఎర్రనేలలో ఇంకిపోతుంది. అదే కాంక్రీటు తొట్టి కడితే ఎర్రనేలలో క్షేమంగా ఉంటుంది, రేగడిలో బీటలు వారుతుంది. నీటికి అనుకూలమైన మట్టి గోడకు ప్రతికూలమైనదన్న మాట.

సున్నపురాయి ప్రాంతాలలో మరొక ప్రమాదం కూడా కలదు. భూగర్భ జలం సున్నపురాయిని కరిగించి గుహలను ఏర్పరుస్తుంది. కొలిమిగుండ్ల మండలంలోని బెలూం గుహలు ఈ విధంగా ఏర్పడినవే. 2015 చివరిలో భారీ వర్షాల తరువాత కడప సమీపాన చింతకొమ్మదిన్నె మండలంలో నేల గుండ్రంగా కుంగి పెద్ద గోతులు పడ్డాయి. అటువంటి చోట కొలను తవ్వే ముందు భూగర్భ పరిశీలన చేయించడం అవసరం.

పూర్వపు నిర్మాణాలు

తొట్టి ఎక్కడ కట్టాలి, ఎక్కడ కట్టరాదు అన్న విషయమై కడప జిల్లాలో ఒక అపురూపమైన శాసనం ఉన్నది. విజయనగర చక్రవర్తి మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు (భవదూరుడు) సా.శ. 1369లో పోరుమామిళ్ళ చెరువుకు సంబంధించి వేయించిన సంస్కృత శాసనమిది. ఈ చెరువు పేరు అనంతరాజ సాగరం. మంచి చెరువుకు పన్నెండు అంగాలను, ఆరు దోషాలను ఇందులో పేర్కొన్నారు. గట్టి బంకమట్టి గల నేల, జలశాస్త్రం తెలిసిన పండితుడు, దగ్గరలో రాతి గని, నేర్పరులైన పనివారు అంగాలలో చేరుతాయి. కట్ట నుండి నీరు ఊరడం, చవిటి నేల, చెరువు నడుమ మిట్ట ఉండడం దోషాలు. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్ళు తోలడానికి నూరు బండ్లతో రెండేళ్ళలో పని పూర్తయినట్లు శాసనం తెలుపుతున్నది. శాసనకర్త నేలను, ఊటను, పనివారిని ఒకే పట్టికలో చేర్చడం గమనార్హం. నేటి ఇంజనీరు చూడవలసినవీ ప్రధానంగా ఇవే.

నల్లమల పాదాన మహానంది కోనేరు ఊటనీటితో నిండి, ఎల్లప్పుడూ ఒకే మట్టంలో నిర్మలంగా ఉంటుంది. యాగంటి పుష్కరిణి కూడా కొండ ఊటతో నిండేదే. ఇవి రాతి నేలలో రాతితో కట్టినవి. పైగా నీరు లోపలికి వస్తూ బయటకు పోతూ ఉంటుంది. వీటిని చూపి రేగడి చేనులో అట్టి కోనేరే కట్టవచ్చునని అనుకోవడం పొరపాటు. పల్లెల్లో పిల్లలు బెండ్లు కట్టుకుని ఈత నేర్చుకున్న దిగుడుబావులు కూడా ఎక్కువగా రాతికట్టు గలవే. రాతికట్టు సందులలో నుండి నీరు ఇటూ అటూ కదలగలదు, కనుక గోడ మీద ఒత్తిడి నిలువదు.

నిర్మాణ విధానం

సాధారణంగా భారీ కట్టడం నేలలోకి కుంగుతుందని భయపడతారు. ఈతకొలను విషయంలో జరిగేది వేరు. 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 1.5 మీటర్ల లోతు గల కొలనులో 48 వేల లీటర్ల నీరు, అనగా 48 టన్నులు పడుతుంది. గోడలు, అడుగు 20 సెంటీమీటర్ల మందం ఉంటే కాంక్రీటు బరువు సుమారు 37 టన్నులు. మొత్తం 85 టన్నులు. కాని దీని కోసం తవ్వి తీసిన మట్టి బరువు దాదాపు 110 టన్నులు ఉంటుంది. అంటే నిండిన కొలను కూడా తీసిన మట్టికంటె తేలికే. బరువు తగ్గిన నేల పైకి ఉబ్బి అడుగును నెడుతుంది. అడుగు అంతటా సమానంగా లేస్తే నష్టం తక్కువ. ఒక మూల తడిసి మరొక మూల ఎండి ఉన్నప్పుడే తొట్టి మెలిపడి చిట్లుతుంది.

కనుక మొదటి పని గొయ్యిని కావలసిన దానికంటె సుమారు 1 మీటరు అదనంగా తవ్వి, ఆ రేగడిని తీసివేసి, ఉబ్బని గరుసు మట్టితో నింపడం. గరుసును 15 నుండి 20 సెంటీమీటర్ల పొరలుగా వేసి, తగినంత తడిపి, ఒక్కొక్క పొరను దిమ్మిస చేయాలి. ఉబ్బని బంకమట్టి పొర తన కింది రేగడి ఉబ్బును అణచిపెడుతుందని బొంబాయి ఐఐటీలో ఆర్.కె.కట్టి జరిపిన పరిశోధనలు తెలిపాయి. రేగడిలో కాలువల లైనింగుకు భారతీయ ప్రమాణాలు ఈ పద్ధతినే సూచిస్తాయి. గరుసుకు బదులు ఇసుక నింపడం చాలామంది బేల్దారులకు అలవాటు. ఇది మంచిది కాదు. ఇసుక పొర వాననీటిని పీల్చి, దిగువనున్న రేగడికి చేరవేస్తుంది. గరుసు దొరకని చోట తీసిన రేగడిలోనే 3 నుండి 6 శాతం సున్నం కలిపి తిరిగి దిమ్మిస చేయవచ్చు. సున్నం బంకతో చర్య జరిపి ఉబ్బే గుణాన్ని తగ్గిస్తుంది. గోడల వెలుపల కూడా రేగడిని తిరిగి పూడ్చరాదు. అది తడిసినప్పుడు గోడను పక్కనుండి నెడుతుంది.

తవ్వకానికి వానలు వెనుకబట్టిన తరువాతి కాలం, అనగా పుష్య, మాఘ మాసాలు అనువైనవి. నడివేసవిలో నెర్రెలిచ్చిన గోతిలో కాంక్రీటు వేస్తే తొలకరికి నేల ఉబ్బి దెబ్బతీస్తుంది. తవ్విన గోతిని వారాల తరబడి ఎండకు వదలివేయడం కూడా అంతే హానికరం.

తొట్టిని ఇటుకతో కాక, గోడలు, అడుగు కలిసి ఒకే పెట్టెలాగా ఉండేట్లు ఇనుప కడ్డీల కాంక్రీటుతో కట్టాలి. నీరు నిలిపే కట్టడాల భారతీయ ప్రమాణమైన ఐఎస్ 3370 ఇందుకు కనీసం ఎం30 కాంక్రీటును నిర్దేశించింది. సిమెంటుకు నీటి నిష్పత్తి 0.45 మించరాదు. కడ్డీలను గోడకు రెండు ముఖాలలోనూ అమర్చాలి, ఎందుకనగా కొలను నిండుగా ఉన్నప్పుడు నీరు లోపలినుండి, ఖాళీగా ఉన్నప్పుడు మట్టి వెలుపలినుండి నెడతాయి. అడుగు, గోడ కలిసే అతుకులో నీటిని ఆపే పీవీసీ పట్టీ పెట్టాలి. రాయలసీమ ఎండలకు కాంక్రీటు త్వరగా ఆరిపోతుంది కనుక కనీసం రెండు వారాలు గోనెపట్టాలు కప్పి తడుపుతూ ఉండాలి.

చుట్టూ 1.5 నుండి 2 మీటర్ల వెడల్పు గచ్చు, బయటివైపు వాలుగా వేయడం అవసరం. స్థానికంగా దొరికే కడప బండలు లేదా బేతంచెర్ల రాయి ఇందుకు వాడవచ్చు. అయితే ఇవి సున్నపురాళ్ళు; కొలను నీటిలో ఆమ్లగుణం పెరిగితే, లేదా యాసిడ్‌తో కడిగితే, నునుపు పోయి గుంటలు పడతాయి. వేప, రావి వంటి పెద్ద చెట్లు దగ్గరలో ఉంటే వేళ్ళు ఒకవైపు తడిని పీల్చి నేలను అసమానంగా ఎండబెడతాయి.

ఖాళీ కొలను తేలిపోవడం

పైన చెప్పిన కొలను ఖాళీగా ఉన్నప్పుడు బరువు 37 టన్నులే. వెలుపలి కొలతలతో చూస్తే దాని అడుగు వైశాల్యం సుమారు 37 చదరపు మీటర్లు. కాబట్టి చుట్టూ నేలలో నీరు అడుగు మట్టానికి 1 మీటరు పైకి చేరితే చాలు, ఆర్కిమెడిస్ సూత్రం ప్రకారం తొట్టి పడవలా పైకి లేవజూస్తుంది. 2009 అక్టోబరులో తుంగభద్ర వరదకు కర్నూలు పట్టణం మునిగిన సంగతి తెలిసిందే. ఎండు ప్రాంతమని ఈ ప్రమాదాన్ని కొట్టివేయడం తగదు. రేగడి నీటిని త్వరగా వదలదు కూడా.

దీనికి విరుగుడుగా అడుగు కింద కంకర పొర వేసి, నీటిని ఒక పక్క గుంటకు మళ్ళించి తోడివేస్తారు. ఇక్కడ రెండు అవసరాలు ఒకదానితో ఒకటి పోటీపడతాయి: ఒత్తిడి తగ్గడానికి నీరు కదలాలి, రేగడి ఉబ్బకుండా నీరు దానికి తగలరాదు. అందుచేత కంకరను నేరుగా రేగడిపై కాక, దిమ్మిస చేసిన గరుసు పొరపై మందపాటి పాలిథీన్ పరచి దాని మీద, గుంట వైపుకు వాలుగా వేయాలి. గుంటలో నిలువుగా ఒక గొట్టం పెడితే తాడు వదలి భూమిలోని నీటి మట్టాన్ని చూడవచ్చు. వానాకాలంలో కొలనును పూర్తిగా ఖాళీ చేయరాదు.

నీటి వినియోగం

ఈ ప్రాంతంలో ఏటా పడే సగటు వాన సుమారు 700 మిల్లీమీటర్ల లోపే. ఎన్నో గ్రామాలు వేసవిలో ట్యాంకర్ల కోసం ఎదురుచూస్తాయి. అందువలన ఊట గల కొలను కేవలం యజమాని నష్టం కాదు. బోరు వేయుటకు 2002 నాటి ఆంధ్ర ప్రదేశ్ నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం (వాల్టా) ప్రకారం అనుమతి తీసుకోవాలి.

వేసవిలో రోజుకు 10 మిల్లీమీటర్ల నీరు ఆవిరైతే పై కొలను నుండి 320 లీటర్లు పోతుంది. ఇది ఆవిరా, ఊటా అని తెలుసుకొనుటకు ఒక బకెట్టును నీటితో నింపి, కొలను మెట్టుపై సగం మునిగేట్లు ఉంచి, లోపల, వెలుపల మట్టాలను గుర్తుపెట్టి ఒక రోజు తరువాత చూడాలి. రెండూ సమానంగా తగ్గితే ఆవిరి; కొలను మట్టమే ఎక్కువగా తగ్గితే ఊట. రేగడిలో ఊటను వెంటనే మూయాలి, లేనిచో కారిన నీరు ఒక చోట మట్టిని ఉబ్బించి పగులును మరింత పెంచుతుంది. వాడని రోజులలో కొలనును కప్పి ఉంచితే ఆవిరి బాగా తగ్గుతుంది; పిల్లలు పడకుండా కంచె మాత్రం వేరుగా ఉండవలసిందే. వడపోత యంత్రం కడిగిన నీటిని క్లోరిన్ పోయేవరకు ఒకటి రెండు రోజులు ఎండలో నిలిపి కొబ్బరి, మామిడి చెట్లకు పారించవచ్చు, కాని కొలను గోడకు దూరంగా.