పని నేర్పే సంస్థలకు దక్కవలసిన గౌరవం

ఒక ఫిట్టరో, టర్నరో, ఎలక్ట్రీషియనో ఒడుపుగా పనిచేస్తుంటే మెచ్చుకోని వారుండరు గాని, అతనికి ఆ ఒడుపు ఏ కర్మాగారంలో అబ్బిందో, ఎవరి పర్యవేక్షణలో అబ్బిందో ఆరా తీసేవారు అరుదు. ఐటీఐలో చదివి ఉత్తీర్ణుడైన యువకుడు నిజమైన పనివాడు కావడానికి ఆ తరువాత పరిశ్రమలో గడిపే శిక్షణ కాలమే కీలకం. దీన్నే అప్రెంటిస్‌షిప్ అంటారు; అంటే ఒక సంస్థతో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకొని, స్టైపెండ్ అనే శిక్షణ భృతి పొందుతూ, నిర్ణీత కాలం పనిచేస్తూ పని నేర్చుకోవడం. ఈ నేర్పే బాధ్యతను శ్రద్ధగా నెరవేర్చిన యజమానులను గుర్తించి గౌరవించే ఏర్పాటు అనేక దేశాలలో ఉంది. భారతదేశంలోనూ అది ఉన్నప్పటికీ, పరిశ్రమ వర్గాలను దాటి సామాన్యుల దృష్టికి రాలేదు.

అప్రెంటిస్‌లను చేర్చుకోవడం ఈ దేశంలో కేవలం యజమాని ఇష్టానికి వదిలిన విషయం కాదు. ఈస్టిండియా కంపెనీ హయాంలో 1850లో వచ్చిన తొలి అప్రెంటిస్‌ల చట్టం అనాథలకు, ధర్మసంస్థల పోషణలో పెరిగే పేదపిల్లలకు ఏదో ఒక చేతిపని నేర్పించి బతుకుతెరువు చూపడానికి ఉద్దేశించినది కాగా, 1961లో పార్లమెంటు చేసిన చట్టం పరిశ్రమలకు కావలసిన నిపుణులను తయారుచేయడాన్ని లక్ష్యంగా పెట్టుకుంది. 1973 సవరణతో ఇంజనీరింగ్ పట్టభద్రులు, డిప్లొమాదారులు కూడా దాని పరిధిలోకి వచ్చారు. 2019లో మార్చిన నిబంధనల ప్రకారం 30 మంది లేదా అంతకు మించి సిబ్బంది ఉన్న ప్రతి సంస్థా, కాంట్రాక్టు సిబ్బందిని కూడా కలిపి లెక్కించిన సంఖ్యలో 2.5 శాతం నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. నలుగురికి తగ్గకుండా ఉన్న చిన్న సంస్థలు ఇష్టమైతే తీసుకోవచ్చు. 2016లో మొదలైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద స్టైపెండ్‌లో నాలుగో వంతును, నెలకు 1,500 రూపాయలకు మించకుండా, కేంద్రం భరిస్తుంది.

సంఖ్యను ఇంత స్పష్టంగా నిర్దేశించిన చట్టం నాణ్యతను పూర్తిగా విస్మరించిందని అనలేము. యజమానికి స్వయంగా ఆ ట్రేడులో అర్హత లేకపోతే, అర్హుడైన వ్యక్తిని శిక్షణకు బాధ్యుడిగా నియమించాలనీ, ప్రతి అప్రెంటిస్ పురోగతినీ నమోదు చేయాలనీ చట్టంలోనే ఉంది. అప్రెంటిస్ శిక్షణార్థే తప్ప కార్మికుడు కాడని కూడా అది ప్రకటిస్తుంది. అయితే రికార్డులు సరిగా ఉన్నంత మాత్రాన శిక్షణ సరిగా జరిగినట్టు కాదు. ఫిట్టర్ ట్రేడులో మొదట నేర్పే పనులలో ఒకటైన ఆకురాయి పట్టడాన్నే పరిశీలిస్తే ఈ తేడా తెలుస్తుంది. ఇనుప దిమ్మను బెంచి వైస్‌లో బిగించి, ఆకురాయిని ముందుకు నెట్టేటప్పుడే ఒత్తిడి పెట్టి, వెనక్కు తెచ్చేటప్పుడు తేలిగ్గా వదలాలి. ఆకురాయి పైకీ కిందికీ ఊగితే దిమ్మ నడుమ ఉబ్బుగా మిగిలి, అంచులు అరిగిపోతాయి. రాకిన తరువాత మూలమట్టాన్ని దిమ్మకు ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే, ఏ సందులోంచి వెలుగు కనిపిస్తే అక్కడ సమతలం కుదరలేదని అర్థం. నిలబడే తీరు, మోచేతి కదలిక ఎక్కడ తప్పుతున్నాయో పక్కనే ఉండి చెప్పే అనుభవజ్ఞుడు లేకపోతే శిక్షణార్థి అదే పొరపాటును నెలల తరబడి చేస్తూ పోతాడు. ఆ అనుభవజ్ఞుడిని ఉత్పత్తి పని నుంచి తప్పించి శిక్షణార్థి పక్కన నిలబెట్టడానికి సిద్ధపడిన సంస్థే అసలైన శిక్షణ సంస్థ.

ఇంత శ్రమపడి నేర్పిన తరువాత ఆ యువకుడు పక్క ఫ్యాక్టరీలో చేరిపోవచ్చు. పని నేర్పడానికి చాలా సంస్థలు వెనకాడే కారణాలలో ఇది ముఖ్యమైనది. అమెరికన్ ఆర్థికవేత్త గ్యారీ బెకర్ 1964లో వెలువరించిన మానవ పెట్టుబడి సిద్ధాంత గ్రంథంలో శిక్షణను రెండు రకాలుగా విభజించాడు: ఏ సంస్థలోనైనా పనికివచ్చే సాధారణ నైపుణ్యం ఒకటి, నేర్పిన సంస్థలో మాత్రమే అక్కరకు వచ్చే ప్రత్యేక నైపుణ్యం మరొకటి. మొదటిదాని ఫలం పనివాడి వెంటే వెళ్లిపోతుంది కనుక దాని ఖర్చు భరించడానికి యజమానులు ముందుకు రారని ఆయన వాదన సారాంశం. వెల్డింగ్, టర్నింగ్ వంటి వృత్తులు చాలావరకు ఈ మొదటి కోవకే చెందుతాయి. ఒక సంస్థ ఖర్చుపెట్టి తయారుచేసిన పనివాడి వల్ల పరిశ్రమ అంతా లాభపడుతున్నప్పుడు, ఆ సంస్థకు బహిరంగంగా గౌరవం చూపడం సమాజం తీర్చవలసిన బాకీయే గాని దయాదాక్షిణ్యం కాదు. పైగా మంచి పేరున్న సంస్థకు మంచి అభ్యర్థులు వస్తారు, కనుక గౌరవం వల్ల వ్యవహార లాభమూ ఉంది.

భారతదేశంలో డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ ట్రైనింగ్ ఆధ్వర్యంలో అప్రెంటిస్‌లకు ప్రాంతీయ స్థాయిలోను, ఆపై అఖిల భారత స్థాయిలోను నైపుణ్య పోటీలు జరిపే సంప్రదాయం ఉంది. అందులో గెలిచిన యువతీ యువకులతో పాటు వారిని తీర్చిదిద్దిన ఉత్తమ సంస్థకు కూడా ట్రోఫీ లభిస్తుంది. ఆస్ట్రేలియాలో 1994 నుంచి ఇస్తున్న జాతీయ శిక్షణ అవార్డులలో పెద్ద యజమానులకు, చిన్న యజమానులకు వేర్వేరు విభాగాలున్నాయి; రాష్ట్రాల స్థాయిలో గెలిచినవారు జాతీయ స్థాయికి వెళతారు. అవార్డు కంటే ముందు అర్హతకు ప్రాధాన్యమిచ్చిన దేశం జర్మనీ. వృత్తి శిక్షణ చట్టం 1969లో వచ్చిన ఆ దేశంలో శిక్షణార్థి కొంత కాలం వృత్తి పాఠశాలలో, ఎక్కువ కాలం సంస్థలో గడుపుతాడు, సంస్థలో అతనికి నేర్పేవారు బోధనా సామర్థ్యానికి సంబంధించిన ప్రత్యేక అర్హతను నిరూపించుకోవాలి. ఈ షరతు తొలగిస్తే మరిన్ని సంస్థలు ముందుకు వస్తాయన్న ఆశతో 2003లో దాన్ని నిలిపివేశారు. శిక్షణ నాణ్యత తగ్గిందని, ఆ అర్హత లేని చోట్ల మధ్యలో మానేసేవారు ఎక్కువగా ఉన్నారని తేలడంతో 2009లో మళ్లీ అమలులోకి తెచ్చారు. నేర్పేవారి సత్తాయే శిక్షణకు పునాది అని చెప్పడానికి ఇంతకంటే బలమైన ఆధారం అక్కరలేదు.

అవార్డును దేని ఆధారంగా ఇవ్వాలన్నది అవార్డు ఇవ్వడం కంటే పెద్ద ప్రశ్న. ఎంతమందిని చేర్చుకున్నారన్న లెక్క తేలికగా దొరుకుతుంది కనుక దాని మీదికే చూపు పోతుంది, కాని శాశ్వత ఉద్యోగులకు బదులు తక్కువ భృతికి దొరికే చేతులుగా అప్రెంటిస్‌లను వాడుకునే సంస్థ కూడా ఆ లెక్కలో ముందు నిలవగలదు. చేరినవారిలో ఎందరు చివరిదాకా నిలిచారు, ఎందరు అఖిల భారత ట్రేడ్ పరీక్షలో గట్టెక్కి జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ పొందారు, ఏడాది తిరిగేసరికి ఎందరు అదే వృత్తిలో స్థిరపడ్డారు అన్నవి చూడాలి. శిక్షణ కాలంలో జరిగిన ప్రమాదాలను, ఫిట్టర్, మెషినిస్ట్ వంటి ట్రేడులలో ఆడపిల్లలకు ఇచ్చిన అవకాశాన్ని కూడా అంతే గట్టిగా చూడాలి. సంస్థ తన గురించి తాను రాసుకున్న దరఖాస్తు మీద ఆధారపడడం కంటే, అక్కడ శిక్షణ ముగించి వెళ్లినవారిని విడిగా పిలిచి అడగడం ఎంతో మేలు. సంస్థ తరఫున ట్రోఫీ అందుకునే వేదికపైకి యాజమాన్య ప్రతినిధితో పాటు, రోజూ షాపులో నిలబడి నేర్పిన ఫోర్‌మన్‌ను లేదా ఇన్‌స్ట్రక్టర్‌ను కూడా పిలవడం న్యాయం.

తెలుగు రాష్ట్రాల విషయానికి వస్తే విశాఖ నేవల్ డాక్‌యార్డు, రామచంద్రాపురం బీహెచ్ఈఎల్, లాలాగూడ, రాయనపాడు రైల్వే వర్క్‌షాపుల వంటి పెద్ద సంస్థలకు అప్రెంటిస్‌లను తీర్చిదిద్దిన అనుభవం ఎంతో ఉంది. అయితే ఇక్కడ పని నేర్చుకునేవారిలో చాలామంది విజయవాడ ఆటోనగర్‌లోనో, బాలానగర్, జీడిమెట్ల పారిశ్రామిక వాడలలోనో మేస్త్రీల దగ్గర చేతి కింద చేరి ఏళ్ల తరబడి నేర్చుకున్నవారే. అక్కడ ఒప్పందం ఉండదు, భృతికి నియమం ఉండదు, చివరికి చేతిలో పని ఉంటుంది గాని కాగితం ఉండదు. ఇలాంటి చిన్న వర్క్‌షాపు యజమాని ఒక పెద్ద సంస్థతో ఒకే పోటీలో నిలవలేడు. ఆస్ట్రేలియాలో మాదిరిగా చిన్నవారికి వేరే విభాగం పెట్టి, జిల్లా స్థాయిలోనే గుర్తింపు ఇచ్చి, దరఖాస్తు నింపే బాధ్యతను స్థానిక ఐటీఐకి అప్పగిస్తే, లాంఛనంగా అప్రెంటిస్‌లను నమోదు చేయడానికి వారికి ఒక కారణం దొరుకుతుంది. రెండు రాష్ట్ర ప్రభుత్వాలూ చేయగలిగిన పనే ఇది, పెద్ద ఖర్చుతో కూడుకున్నదీ కాదు.

అటువంటి వ్యవస్థ వచ్చేదాకా సంస్థను ఎంచుకునే భారం యువతీ యువకుల మీద, వారి తల్లిదండ్రుల మీద ఉంటుంది. అప్రెంటిస్‌గా చేరేముందు ఒప్పందం ప్రభుత్వ పోర్టల్‌లో నమోదవుతుందో లేదో, పని నేర్పే బాధ్యత పేరుతో సహా ఎవరికి అప్పగించారో, కిందటి బ్యాచ్‌లో ఎందరు సర్టిఫికెట్ పొందారో తప్పక అడగాలి. వీటికి సూటిగా జవాబు చెప్పలేని సంస్థలో, స్టైపెండ్ నాలుగు రూపాయలు ఎక్కువ వస్తుందన్నా చేరకపోవడమే మంచిది.