ఓపీ దగ్గరే మొదలయ్యే ఫ్లూ కట్టడి

ఇన్‌ఫ్లూయెంజా సోకిన మనిషి జ్వరం తగలడానికి ఒక రోజు ముందునుంచే ఇతరులకు దానిని అంటించగలడు కాబట్టి, దగ్గుతో వచ్చినవారిని ఓపీ చీటీ రాసే చోటనే వేరుచేయని ఆసుపత్రి, ఎన్ని మంచాలున్నా, వ్యాధిని పంచే స్థలంగా మారుతుంది. కర్నూలు సర్వజన వైద్యశాలకు సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆదోనికి, దారిలో ఉన్న ఎమ్మిగనూరుకు ఈ సంగతి మరీ ముఖ్యం.

1918లో బొంబాయిలో బయటపడిన ఫ్లూ రైలు మార్గాల వెంట దేశం లోపలికి పాకి కోటిమందికి పైగా ప్రాణాలు తీసింది. అప్పట్లో బళ్లారి జిల్లాలో ఉన్న ఆదోని మద్రాసు–బొంబాయి రైలు మార్గం మీది ఊరే. నాటి వైద్యులకు ఆ వ్యాధి వైరస్ వల్ల వస్తుందనే తెలియదు. 2009 మే నెలలో స్వైన్ ఫ్లూ, అంటే హెచ్1ఎన్1 రకం, దేశంలో తొలిసారి హైదరాబాదులో నిర్ధారణ అయ్యేనాటికి పరీక్షా ఉంది, మందూ ఉంది. అయితే ఆ రెండింటినీ అందరికీ వాడబోతే అవసరమైనవారికి అందవు.

అందుకే కేంద్ర ఆరోగ్య శాఖ రోగులను మూడు తరగతులుగా విభజించింది. కొద్దిపాటి జ్వరం, గొంతునొప్పి ఉన్న 'ఏ' తరగతివారికి పరీక్ష అక్కరలేదు; ఇంట్లో విడిగా ఉండి, ఒకటి రెండు రోజుల్లో మళ్లీ చూపించుకుంటే చాలు. తీవ్రమైన జ్వరం ఉన్నవారు, గర్భిణులు, చిన్నపిల్లలు, వృద్ధులు, మధుమేహం, ఊపిరితిత్తుల జబ్బులు ఉన్నవారు 'బీ' తరగతిలోకి వస్తారు. వీరికి పరీక్ష కోసం ఆగకుండా, వైరస్ పెరుగుదలను అడ్డుకునే ఒసెల్టామివిర్ మొదలుపెట్టవచ్చు, ఎందుకంటే లక్షణాలు కనబడిన 48 గంటల్లోపు పడితేనే ఆ మందు బాగా పనిచేస్తుంది. ఆయాసం, ఛాతీనొప్పి, మగత, గోళ్లు నీలంగా మారడం వంటివి ఉంటే 'సీ' తరగతి. వీరిని వెంటనే చేర్చుకోవాలి, గొంతు స్రావాన్ని ఐసు పెట్టెలో పరీక్షశాలకు పంపాలి.

ఈ విభజన కాగితం మీద తేలికే. కానీ ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లు దుమ్ములో ఏళ్ల తరబడి పనిచేసిన కూలీ దగ్గును మామూలు దగ్గుగా చూసి 'ఏ' తరగతిలో వేస్తే, ఊపిరితిత్తులు ముందే దెబ్బతిన్న మనిషికి విలువైన ఆ రెండు రోజులూ పోతాయి. కనుక ఇక్కడి ఓపీలో జ్వరంతో పాటు చేసే పనిని కూడా అడిగి రాసుకోవడం వైద్యంలో భాగమే. మన దేశంలో ఫ్లూ వానలప్పుడు ఒకసారి, జనవరి–మార్చి మధ్య మరోసారి ఉధృతమవుతుంది. ఆ రెండో కాలంలోనే కోసిగి, మంత్రాలయం వైపు కుటుంబాలు పిల్లాపాపలతో సుగ్గికి, అంటే కోతల కాలపు వలసకు, గుంటూరు మిరప చేలకు వెళ్లి గుడారాల్లో ఇరుకుగా ఉంటాయి. వారు తిరిగివచ్చే రోజుల్లో ఏ ఊరినుంచి జ్వరాలు ఎక్కువగా వస్తున్నాయో ఆశా కార్యకర్తల సమాచారంతో, ఓపీ రిజిస్టరుతో రోజూ సరిచూసుకునే ఆసుపత్రికి వార్డు సిద్ధం చేసుకునే వ్యవధి దొరుకుతుంది.

ఇక ఆక్సిజన్ లెక్క. పెద్ద సిలిండర్‌లో ఇంచుమించు 7,000 లీటర్లు ఉంటుంది; నిమిషానికి 10 లీటర్లు కావలసిన రోగికి అది పన్నెండు గంటలకు కూడా చాలదు. 1,500 లీటర్ల చిన్న సిలిండర్ అదే రోగికి రెండున్నర గంటలు వస్తుంది. ఆదోనినుంచి కర్నూలుకు రోడ్డు మీద రెండు గంటలు పట్టవచ్చు, ఎక్కడైనా ఆగిపోతే ఇంకా ఎక్కువ. అందువల్ల రోగి పూర్తిగా నీరసించాక రిఫర్ చేయడం ప్రమాదకరం. రక్తంలో ఆక్సిజన్ 94 శాతం కంటే తగ్గడం మొదలైనప్పుడే అక్కడి వార్డుకు ఫోను చేసి, మంచం ఖాయం చేసుకుని, రెండో సిలిండర్‌తో పంపడమే సరైన పద్ధతి.

చీటీ రాసే గుమాస్తా, ఊడ్చే కార్మికురాలు, నర్సు, 108 డ్రైవరు రోజంతా రోగుల ఊపిరికి దగ్గరగా మసలుతారు. వైరస్ తరచూ రూపు మార్చుకుంటుంది కాబట్టి టీకాను ఏటా వేయించుకోవాలి, రక్షణ ఏర్పడడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది కాబట్టి వానలకు ముందే, వైద్యులతో పాటు ఈ సిబ్బందికంతటికీ అది అందాలి.