బరిలో పోయిన ప్రాణానికి బాధ్యులెవరు?

పల్నాడు పల్లెల్లో సంక్రాంతికి, శివరాత్రికి, ఊరి తిరునాళ్లకు ఎడ్ల బండలాగుడు పోటీలు, కబడ్డీ పోటీలు పెట్టడం ఆనవాయితీ. ఎడ్లను వాటి పళ్లను బట్టి విభాగాలు చేసి, నిర్ణీత సమయంలో బండను ఏ జత ఎంత దూరం లాగిందో కొలిచే ఆ పోటీలో అందరి చూపూ ఎడ్ల మీదే ఉంటుంది గాని, వాటి పక్కన అరుస్తూ పరుగెత్తే మనుషులు ఒక్క అడుగు తడబడినా బండకూ గిట్టలకూ మధ్య పడిపోగలరన్న సంగతి అంతగా ఎవరికీ తట్టదు. గట్టి నేల మీద ఆడే కబడ్డీలో ఆటగాడు తల కిందుగా పడితే మెడకు తగిలే దెబ్బ కూడా అంతే ప్రమాదకరం. ఇలాంటి చోట ప్రాణం పోయినప్పుడు వాడి రాత అంతేననీ, తనంతట తానే దిగాడు గదా అనీ ఊరు సరిపెట్టుకుంటుంది. ఈ రెండో మాటలో కొంత న్యాయం ఉంది గాని, ఆ న్యాయానికి చట్టం గీసిన గీతలు ఊరు అనుకునేదానికంటే చాలా దగ్గరగా ఉన్నాయి.

2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 25వ సెక్షన్, 1860 నాటి శిక్షాస్మృతిలోని 87వ సెక్షన్‌కు వారసురాలు. మరణాన్నిగాని తీవ్రమైన గాయాన్నిగాని కలిగించాలన్న ఉద్దేశం లేకుండా, అది జరగవచ్చన్న ఎరుక కూడా లేకుండా చేసిన పనివల్ల, దానికి సమ్మతించిన వ్యక్తికి హాని కలిగితే అది నేరం కాదని ఆ సెక్షన్ చెబుతుంది. అందులో ఇచ్చిన ఉదాహరణ ఆటకు సంబంధించినదే: వినోదం కోసం కత్తిసాము చేయడానికి ఇద్దరు ఒప్పుకున్నారంటే, మోసపు దెబ్బ లేకుండా సాములో తగిలే దెబ్బలకు కూడా ఇద్దరూ ఒప్పుకున్నట్టే. అయితే ఆ సమ్మతి పద్దెనిమిదేళ్లు నిండినవారిదై ఉండాలి. బడి పిల్లలను పెద్దల జట్లతో కలిపి బరిలోకి దించే నిర్వాహకులు ఈ ఒక్క షరతునైనా గుర్తుంచుకోవడం ఎంతో అవసరం.

నియమాల ప్రకారం ఆడితే చాలునా అన్న ప్రశ్న 1878లో ఇంగ్లండులోని లీసెస్టర్ నగర న్యాయస్థానం ముందుకు వచ్చింది. ఫుట్‌బాల్ ఆటలో ఒకరు మోకాలితో ఢీకొట్టగా మరొకరు మరణించిన ఆ కేసులో, దేశ చట్టం తప్పన్నదాన్ని ఏ ఆట నియమమూ ఒప్పు చేయలేదనీ, ఆటగాడు హాని తలపెట్టకుండా నియమాల ప్రకారం ఆడి ఉంటే అది అతని మనసులో దురుద్దేశం లేదనడానికి ఆధారం మాత్రమేననీ న్యాయమూర్తి జ్యూరీకి వివరించగా, నిందితుడు నిర్దోషిగా విడుదలయ్యాడు.

తనకు తానుగా ఒంటరిగా ప్రమాదానికి ఎదురువెళ్లిన వ్యక్తి విషయంలో మరొకరి బాధ్యత అన్న ప్రశ్నే దాదాపుగా పుట్టదు. నెల్లూరు జిల్లా గాంధీ జనసంఘంలో పుట్టి, 2006లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కిన మల్లి మస్తాన్ బాబు, 2015 మార్చిలో అర్జెంటీనా, చిలీ సరిహద్దులోని ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా ఎక్కుతూ ప్రాణాలు కోల్పోయినప్పుడు, ఆ దుఃఖం తెలుగునాట అందరిదీ అయింది గాని నిలదీయవలసిన నిర్వాహకుడంటూ ఎవరూ లేరు. బండలాగుడు బరి అలాంటిది కాదు. దాన్ని ఒక కమిటీ ఏర్పాటు చేస్తుంది, చందాలు వసూలు చేస్తుంది, బహుమతులు ప్రకటిస్తుంది, జనాన్ని పిలుస్తుంది. ఇన్ని చేతులు కలిసి నడిపే పనిలో జాగ్రత్త వహించవలసిన బాధ్యత కూడా ఆ చేతుల మీదే పడుతుంది.

ఈ బాధ్యత ఎంతవరకు వెళుతుందో బ్రిటన్ బాక్సర్ మైఖేల్ వాట్సన్ కేసు చూపించింది. 1991లో క్రిస్ యూబ్యాంక్‌తో జరిగిన పోటీలో మెదడుకు దెబ్బ తగిలి కుప్పకూలిన వాట్సన్‌కు రింగు పక్కనే ప్రాణరక్షణ చికిత్స మొదలుపెట్టగల ఏర్పాటు లేదు. అతను బతికి బయటపడ్డాడు గాని వైకల్యం మిగిలింది. దెబ్బలు తగులుతాయని తెలిసే బాక్సింగ్‌లోకి దిగిన మనిషి, దెబ్బ తగిలాక తగిన చికిత్స అందకపోవడానికి కూడా సమ్మతించినట్టు కాదని గ్రహించిన న్యాయస్థానాలు, పోటీలను నియంత్రించే బ్రిటిష్ బాక్సింగ్ బోర్డునే బాధ్యురాలిగా తేల్చాయి. అసలు విషయమంతా ఈ తేడాలోనే ఉంది: బరిలో దిగినవాడు ఆటలో ఉన్న ప్రమాదానికి ఒప్పుకుంటాడు గాని, తెగడానికి సిద్ధంగా ఉన్న గొలుసుకూ, కంచె లేని బరికీ, ఎక్కడా కనిపించని అంబులెన్సుకూ ఒప్పుకోడు. పోటీకి ముందు సంతకం చేయించుకునే హామీ పత్రం కూడా ఈ తేడాను చెరిపివేయలేదు.

నిర్లక్ష్యం వల్ల మరణం సంభవిస్తే న్యాయ సంహితలోని 106వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. పాత చట్టంలో ఇది రెండేళ్లే. అయితే క్రిమినల్ శిక్షకు మామూలు పొరపాటు చాలదనీ, నిర్లక్ష్యం తీవ్రమైనదై ఉండాలనీ 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు వైద్యుల సందర్భంలో స్పష్టం చేసింది. సివిల్ కోర్టులో పరిహారం కోరేవారికి అంత కఠినమైన రుజువు అక్కరలేదు. అందువల్ల క్రిమినల్ కేసు నిలవనంత మాత్రాన పరిహారపు దారి మూసుకుపోయిందని కుటుంబం అనుకోనవసరం లేదు. 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం ప్రకారం మరణించిన వ్యక్తి భార్య లేదా భర్త, తల్లిదండ్రులు, బిడ్డలు పరిహారానికి అర్హులు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఆ జాబితాలో లేరు. అన్న సంపాదన మీదే చదువుకుంటున్న చెల్లెలికి ఈ చట్టం కింద ఏమీ దక్కకపోవడం బాధ కలిగించే లోపం.

దావా వేయడానికి గడువు మరణించిన తేదీ నుంచి రెండేళ్లు. పల్నాట ఈ గడువు ఎక్కువగా కరిగిపోయేది పెద్దమనుషుల మధ్యవర్తిత్వంలోనే. కమిటీవారూ కావలసినవారే, ఎడ్ల ఆసామీ కూడా కావలసినవాడే కావడంతో, పోలీసులకు చెప్పకుండా, శవపరీక్ష జరగకుండా అంత్యక్రియలు ముగిసిపోతే, మరణానికి కారణమేమిటో చెప్పే మొదటి కాగితమే పుట్టదు. అసహజ మరణం జరిగినప్పుడు పోలీసులు రాసే పంచనామా, ఆసుపత్రి ఇచ్చే శవపరీక్ష నివేదిక, పోటీకి తీసుకున్న అనుమతి పత్రం, ఆ రోజు సెల్‌ఫోన్లలో తీసిన వీడియోలు మాత్రమే ఏడాది తరువాత నరసరావుపేటలోనో గురజాలలోనో న్యాయవాది బల్ల ముందు కూర్చున్న తల్లి చేతిలో ఉండగల ఆధారాలు.