తూములో బైటు... గణాల్లో కిటుకు!

విజయవాడ: నాలుగు గిద్దలు సోల. రెండు సోలలు తవ్వ. రెండు తవ్వలు మానిక. రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం, నాలుగు కుంచాలు తూము. కృష్ణా డెల్టాలో కళ్ళంలో ధాన్యం కొలిచిన తరానికి నిద్రలో లేపి అడిగినా తప్పని లెక్క ఇది. 1956లో తూనికలు, కొలతల చట్టం వచ్చాక లీటర్లూ కిలోలూ దీన్ని అటకెక్కించాయి.

ఒక్కసారి గుణించి చూడండి. తూముకు 256 గిద్దలు! కంప్యూటర్‌లో ఎనిమిది బిట్ల ‘బైటు’లో పట్టే సంఖ్యలూ, సున్నతో కలిపి, సరిగ్గా 256.

గిద్ద, అరసోల, సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం, రెండు కుంచాలు - ఈ ఎనిమిది కొలతల్లో దేన్నీ రెండోసారి వాడకుండా, 255 గిద్దల వరకు ఎంతైనా కొలవవచ్చు. వాడిన కొలతకు 1, వాడనిదానికి 0. బిట్టు అంటే ఇంతకు మించి బ్రహ్మవిద్యేమీ కాదు.

ఉద్యోగాల ఇంటర్వ్యూలకు వెళ్ళే కుర్రకారు ఒక సూత్రం వల్లె వేస్తుంటారు. ఒక సంఖ్యనూ, అందులోంచి ఒకటి తీసేసిన సంఖ్యనూ పక్కపక్కన పెట్టి, రెండింటిలోనూ 1 ఉన్న చోట్లే ఉంచితే సున్న వచ్చిందా, అది రెండు రెట్ల వరుసలోని సంఖ్య (1, 2, 4, 8...) అని. ఎందుకని అడిగితే చాలామంది నీళ్ళు నములుతారు. కుంచం నిండా ఉన్న గింజల్లోంచి గిద్దెడు తీయండి. కుంచం పోతుంది, దానికంటే చిన్న కొలతలన్నీ వచ్చి చేరతాయి. ముందూ తర్వాతా ఉమ్మడిగా ఉన్న కొలత ఒక్కటీ లేదు. కారణం అదే.

సరే, వాడింది ఒకే కొలత అని తేలింది. ఏ కొలత? ఒక్కొక్కటీ వెతక్కుండా చెప్పే కిటుకు ఒకటుంది. దాని తాళంచెవి తెలుగు మాస్టారి దగ్గరే ఉంది!

‘యమాతారాజభానసలగం’ బళ్ళో అందరం చదివిందే. ‘యమాతా’ అంటే లఘువు, గురువు, గురువు - యగణం. ‘మాతారా’ మగణం. ఇలా ఒక్కో అక్షరం జరుగుతూ పోతే ఎనిమిది గణాలూ వస్తాయి, ఒక్కటీ రెండోసారి రాదు. చివరి ‘లగం’ మొదటి ‘యమా’ లాంటిదే కనుక వరుసను చక్రంలా తిప్పవచ్చు. ఇలాంటి చక్రాలపై డచ్చి గణితవేత్త డి బ్రూయిన్ 1946లో పత్రం రాశారు. వాటితో బిట్టు స్థానం పట్టే పద్ధతిని 1998లో అమెరికాలోని ఎం.ఐ.టి.కి చెందిన లైసర్సన్, ప్రొకాప్, రాండల్ వివరించారు.

మన చక్రాన్ని ‘న’ దగ్గర మొదలుపెట్టండి: న, స, య, మా, తా, రా, జ, భా. లఘువుకు 0, గురువుకు 1 వేస్తే 00011101. అంటే 29. ధాన్యం లెక్కలో మానిక, తవ్వ, సోల, గిద్ద. (విశ్వనాథ సత్యనారాయణగారు తెలుగు చెప్పిన ఎస్.ఆర్.ఆర్. కళాశాల మాచవరంలో, 1977లో మొదలైన సిద్ధార్థ ఇంజనీరింగ్ కళాశాల కానూరులో. ఇంత దగ్గరి ఊళ్ళ మధ్య ఈ 29 ఎన్నిసార్లు రాకపోకలు చేసిందో!)

ఇక ప్రయోగం. కుంచం అంటే 64 గిద్దలు. 29తో గుణిస్తే 1856. నిండిన తూములు ఏడు, అంటే 1792, పారబోయండి. మిగిలింది 64, అంటే రెండు అడ్డలు. ఈ 2ను మూడు బిట్లలో రాస్తే 010: లఘువు, గురువు, లఘువు - జగణం. పై వరుసలో ‘జ’ ఏడోది. కొలతల్లో కుంచమూ ఏడోదే! తవ్వతో చేయండి: 8ని 29తో గుణిస్తే 232, ఏడు అడ్డలు నిండుతాయి, 111, మగణం, నాలుగోది. తవ్వా నాలుగోదే. మిగతా ఆరూ పాఠకులే చేసి చూసుకోవచ్చు.

మర్మం చిన్నదే. రెండు రెట్ల వరుసలోని సంఖ్యతో గుణించడమంటే 29లోని బిట్లను ఎడమకు జరపడం. తూము పొర్లిపోయింది పోగా పైన మిగిలే మూడు బిట్లే గణం. జరిపినప్పుడు కుడివైపు సున్నలు చేరతాయి గనుక ‘న’తో గానీ ‘స’తో గానీ మొదలుపెట్టాలి, ‘య’తో మొదలుపెడితే లెక్క తప్పుతుంది.

అరవై నాలుగు గళ్ళ చదరంగం ఆడే ప్రోగ్రాములు ఇదే ఎత్తును 64 బిట్లకు పెంచి వాడాయి. ఇప్పుడు పెద్ద ప్రాసెసర్లలో ఈ పనికి సొంత ఆదేశమే ఉంది. అది ఉన్నచోట దాన్నే వాడటం తెలివి. లేని చిన్న చిప్పుల్లో మాత్రం 29కి ఇంకా గిరాకీ ఉంది. వాడినవారు ఆ 29 ఎక్కడిదో పక్కన ఒక ముక్క రాసిపెట్టకపోతే, తర్వాత వచ్చినవారు జుట్టు పీక్కోవాల్సిందే.

మరొక చిక్కు. ఖాళీ పాత్రను, అంటే సున్నను, ఇస్తే? 29తో గుణించినా సున్నే. 000, నగణం, ఒకటో స్థానం. గింజైనా లేని పాత్రను ‘గిద్ద’ అని చెప్పేస్తుంది! మొదటి సూత్రమూ సున్నను చూసి ‘ఒకే కొలత’ అనే అంటుంది. కాబట్టి ముందు పాత్రలో చెయ్యి పెట్టి చూసి, ఆ తర్వాతే గుణించాలి.